మా మూలగది కప్పూ, పైడమ్మత్తా

“నా గదిలో నువ్వెందుకు కూకోవాలత్తా? నీకు గది లేదేటి?”

“ఎవులో ఒకలు కూకోవాల కాబట్టి కూకుంటానన్నాను. నువ్వు పిల్లల్ని తీసుకుని హౌరా ఎల్లిపోతన్నావు కదా.”

“ఎల్తే తాళం ఏసుకుని ఎల్తాను. నీ మొగుడు కట్టించిన గదేటి ఇది, నువ్వొచ్చి కూకోడానికి?”

“కప్పు ఇప్పీసిన గదికి తాళమేటే? పైనుంచి దిగినోడికి తాళంచెవి గావాలేటి?”

“దిగేది ఎవులో నాకు తెల్దనుకున్నావా? నీ సెల్లెలి కొడుకు పెళ్ళాన్ని తీసుకొస్తన్నాడని ఈ వరసలో అందరికీ తెలుసు. ఆళ్ళకి గది గావాలనీ తెలుసు.”

“తెలిస్తే మంచిదే. నా మీద అనుమానపడు, నాకేటీ బాధ లేదు. అందులో ఓ పిసరు ఆ రేకుల బాబు మీద కూడా పడు.”

ఏక్‌బాల్‌పూర్ బస్తీలో, మా మూలగది గుమ్మం ముందు, ఒక సాయంత్రం పైడమ్మత్తకీ నాకూ జరిగిన జగడం ఇది. ఇప్పుడు నేను ఉంటున్నది గార్డెన్ రీచ్‌లో, మా అబ్బాయి కొన్న ఫ్లాట్‌లో. మొన్న మా కోడలు బాల్కనీలో మొక్కలు పెడతానని మట్టి కుండీలు తెచ్చి నీళ్ళు పోసి నానబెట్టింది. కాల్చిన మట్టి మొదటిసారి నీళ్ళు తాగేటప్పుడు ఒక వాసన వస్తుంది. కొత్త పెంకు మీద తొలి వాన పడ్డప్పుడు వచ్చేదీ ఆ వాసనే. కుండీ అడుగున కన్నం సరిగ్గా ఉందో, బజారువాడు కోడల్ని మోసం చేశాడో చూద్దామని ఎత్తి పట్టుకున్నదాన్ని, అలాగే నిలబడిపోయాను. పైడమ్మత్త గొంతు పక్కనుంచే వినబడ్డట్టయింది. మా మనవలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ళకి చెప్పబోతే టీవీ గొంతు పెంచుతారు. నేను బడికి వెళ్ళింది కొద్దికాలమే అయినా అక్షరాలు మరిచిపోలేదు కనక, ఆమెను చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను.

పైడమ్మత్త నాకు బంధువు కాదు. పక్కగది మనిషి. టెక్కలి వైపు నుంచి ఎప్పుడో వచ్చినవాళ్ళు. ఆమె భర్త నగరపాలక సంస్థలో వీధులు ఊడ్చే పని చేసేవాడట. అతను పోయాక ఆ పని ఆమెకు వచ్చింది. తెల్లవారుజామునే చీపురు భుజాన వేసుకుని వెళ్ళి, పొద్దెక్కేసరికి తిరిగి వచ్చేది. ఎప్పుడూ ఉత్త చేతులతో రాలేదు. పగిలిన టాలి పెంకు, నూనె డబ్బా రేకు, ఓడరేవు డాక్‌లో తెగిపోయిన తాడు ముక్క, ఎవరో పారేసిన కిటికీ గొళ్ళెం, ఏదో ఒకటి కొంగులో ఉండేది. పొడుగ్గా, ఎండుకొబ్బరిలా ఉండే మనిషి. మా వైపు ముసలమ్మల్లాగే చుట్ట వెలిగించిన కొనని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. మూసిన పెదాల వెనక నిప్పు ఉన్న మనిషితో మాట్లాడాలంటే, కొత్తగా కాపురానికి వచ్చిన నాకు భయం కంటే అనుమానం ఎక్కువగా ఉండేది. ఈవిడ నోరు తెరిచి ఏమనబోతోంది, ఎందుకు ఆగింది అని.

మా గదులకు గోడలు ఇటుకవి కావు. చీల్చిన వెదురు తడికలు, వాటికి రెండు వైపులా మట్టి మెత్తి సున్నం కొట్టినవి. పైన పెంకులు. ఇటు దగ్గితే అటు వినబడేది. బస్తీలో అద్దె తీసుకునే మనిషి ఉన్నాడు గానీ, గది నాదని చూపించే కాగితం ఎవరి దగ్గరా లేదు. ఎవరు కూర్చుని ఉంటే వాళ్ళది గది. ఊరికి వెళ్ళేవాళ్ళు కూడా ఇంట్లో ఎవరో ఒకరిని పడుకోబెట్టి వెళ్ళేవారు. ఈ సంగతి నాకు మా ఆయన చెప్పలేదు. ఆయన డాక్‌లో బరువులు మోసి, అలసిపోయి వచ్చి, ఎవరేం చెప్పినా సరేనని నిద్రపోయే మనిషి. చెప్పింది పైడమ్మత్తే.

తొలి వానాకాలంలోనే మా కప్పు కారింది. సరిగ్గా బియ్యం డబ్బా మీద. డబ్బా జరిపి, గిన్నె పెట్టి, రేపు కప్పు బాగుచేసే మిస్త్రీ వస్తాడన్న ధైర్యంతో కూర్చున్నాను. పిలవకుండానే పైడమ్మత్త ఒక పొడుగాటి చీలిక కర్ర పట్టుకుని లోపలికి వచ్చేసింది.

“ఏటి, గిన్నె పెట్టి సంబరపడతన్నావా?”

“రేపు మిస్త్రీ వస్తాడంటత్తా.”

“వస్తాడు. ఒక కన్నం మూసి, ఇంకో రెండు పెట్టి ఎల్తాడు. మళ్ళా ఆడినే పిలవాల కదా నువ్వు.”

నీళ్ళు పడుతున్న చోటును ఆమె చూడనైనా లేదు. కప్పు కింది వెదురుబొంగు మీద వేలితో రాసుకుంటూ గోడదాకా వెళ్ళింది. తడి ఎక్కడ ఆగిపోయిందో అక్కడ కర్రతో పైకి పొడిచి, “ఇదీ తల్లి. అక్కడ కారేది దీని పిల్ల,” అంది. నూనె డబ్బా రేకును పాత కత్తితో చీల్చి, రోకలితో కొట్టి చదును చేసి, ఆ చీలిక కర్ర కొనన పెట్టి, పగిలిన పెంకు కిందికి లోపలినుంచే తోసింది. నిచ్చెన వేయలేదు. పైకెక్కలేదు. పైకి ఎక్కితే కాలికింద నాలుగు పెంకులు విరుగుతాయని, కప్పు బాగుచెయ్యడానికి కప్పు ఎక్కేవాడిని నమ్మవద్దని చెప్పింది. ధార ఆగింది. ఆమె వెళ్ళిపోగానే నేను తలుపు మూసి గిన్నెలు లెక్కపెట్టుకున్నాను. ఏ సంబంధమూ లేని మనిషి ఊరికే వచ్చి ఇంత పని ఎందుకు చేస్తుంది? తడిక అవతల నుంచి గొంతు వచ్చింది. “లెక్క సరిపోయిందా?”

ఆ రోజు నుంచి నేను గిన్నెలు చప్పుడు కాకుండా లెక్కపెట్టడం నేర్చుకున్నాను. మిగతావన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నాను. వానలకు తలుపు ఉబ్బి మూసుకోకపోతే మా ఆయన వడ్రంగిని పిలిచి చెక్కించబోయాడు. పైడమ్మత్త అడ్డం తిరిగింది. ఇప్పుడు చెక్కిస్తే చలికాలంలో ఆ సందులోంచి పిల్లి దూరుతుందని, అప్పుడు ఆ వడ్రంగే వచ్చి పట్టీ కొడతానంటాడని. తలుపు అంచుకు సబ్బుముక్క రుద్దించింది. బందు మేకు వదులైతే కన్నంలో అగ్గిపుల్లలు కుక్కి మళ్ళీ బిగించమంది. గోడకు మెత్తే మట్టిలో ఊక కలపమంది, అదీ మెత్తేముందు గోడను తడిపి. ఏ పనికైనా ముందు వేలి కణుపుతో తట్టేది. పెంకునూ తట్టేది, కుండనూ తట్టేది, గోడనూ తట్టేది. ఒకసారి మా ఆయన కొత్తగా తెచ్చిన కుర్చీని తట్టి, ఆయన ముందే, “నీ మొగుణ్ణి నవ్వుతూ పలకరించుంటాడు ఆ కొట్టువాడు,” అంది.

ఆమె పనిలో ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది. పెట్టబోయేది ఎదురుగా కనబడేదాకా ఉన్నదాన్ని ఊడదీయకూడదు. చీర మాసికకైనా అంతే, ఇంటి కప్పుకైనా అంతే. ఇది నాకు బాగా తెలిసింది మా ఆయన చేసిన ఘనకార్యం వల్ల. ఒక ఆదివారం తీరిక దొరికిందని, కొత్త బందులు కొనకుండానే తలుపుకున్న పాత బందులు ఊడబెరికేశాడు. బజారుకు వెళ్తే ఆ కొట్టు మూసి ఉంది. ఆ రోజంతా తలుపును తాడుతో గుంజకు కట్టి నిలబెట్టాం. వీధికుక్క దాని పక్కనుంచి దూరి, వండిన చేపల పులుసులో మూతి పెట్టి పాడుచేసింది. పైడమ్మత్త తన గుమ్మంలో కూర్చుని కుక్కను వెళ్ళగొట్టనైనా లేదు.

“సూసినావత్తా, ఈయన సేసిన పని!” అన్నాను.

“సూసినాను. నువ్వూ సూడు, ఒళ్ళంతా కళ్ళు సేసుకుని సూడు. ఎలా సెయ్యకూడదో ఇంత బాగా ఎవులు సూపిస్తారే?”

ఇంత నేర్పినా ఆమె మీద నా అనుమానం పోలేదు. పోవడానికి కారణమూ కనబడలేదు. పగిలిన బకెట్టులో బచ్చలితీగ పెట్టి తన కప్పు మీదికి పాకించింది. అది ఊరుకోకుండా నా కప్పు మీదికి వచ్చింది. ఆకు కోయడానికి నేను చెయ్యి పెడితే, “వేరు నాకాడుందే,” అనేది. తీగ ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా తన కప్పే అని రేపు అనదని ఏమిటి నమ్మకం? తీగకొనను రోజూ కర్రతో అటు తోసేదాన్ని. మర్నాటికి మళ్ళీ ఇటు ఉండేది. మా మూలగదికి రెండు వైపుల గాలి వస్తుందని, తన గది పొయ్యిలా ఉంటుందని నా ముందే రెండు మూడుసార్లు అంది. తడికగోడను మా వైపు నుంచి తట్టి చూసి, “గట్టిగానే ఉంది,” అని తనలో తాను అనుకుంది. నా గోడ గట్టిగా ఉంటే ఆమెకేం లాభం? అప్పుడే ఆమె చెల్లెలి కొడుక్కి డాక్‌లో పని దొరికింది. అతను పైడమ్మత్త గదిలోనే పడుకునేవాడు. వచ్చే నెలలో భార్యను తెస్తాడని చెప్పుకున్నారు. పైడమ్మత్త గదిలో ముగ్గురు పట్టరు. మిగతాది ఊహించుకోవడానికి నాకు చదువు అక్కర్లేకపోయింది.

అలాంటి రోజుల్లో మా గదుల వరుసకు కంట్రాక్టరు వచ్చాడు. తెల్ల ధోతీ, చేతిలో గొడుగు. అతని వెనక, మా వీధి క్లబ్బు కుర్రాళ్ళు. టీ కొట్టు నుంచి కుర్చీ తెప్పించుకుని, వరుస మధ్యలో కూర్చుని, అందరినీ పిలిచాడు. పెంకులు తీసేసి మొత్తం వరుసకు కొత్త రేకులు వేస్తాడట. స్థలం యజమాని ఒప్పుకున్నాడట. మాకు పైసా ఖర్చు లేదట. మూలనుంచి మొదలుపెడితే నిచ్చెన వేసుకోవడానికి సులువు కాబట్టి మొదట మా గది. కొద్దిరోజులు సామానుతో సహా ఎక్కడైనా చుట్టాలింట్లో ఉండి రావాలి. మా ఆయన ముఖం వెలిగిపోయింది. హౌరాలో ఆయన చెల్లెలి ఇల్లు ఉంది. మరుసటి రోజే ఖాళీ చేస్తామని అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు. నాకూ ఆశ పుట్టింది, కాదనను. ప్రతి వానాకాలం కర్ర పట్టుకుని కప్పు కింద తిరగడం ఎవరికి ఇష్టం?

అందరూ వెళ్ళాక పైడమ్మత్త మా గుమ్మంలోకి వచ్చింది. చుట్ట నోట్లోంచి తీసింది. ఆమె చుట్ట తీసి మాట్లాడితే పెద్ద మాటే వస్తుందని నాకు తెలుసు.

“ముందు నీదే ఎందుకట?”

“మూలనుంది కదత్తా. నిచ్చెనకి బాగుంటాది.”

“ఆ కొసనీ మూలుంది. దానికీ నిచ్చెన ఆనతాది.”

“నీది ముందు ఎయ్యలేదని నీ ఏడుపా?”

“నాది ఇప్పుతానంటే ఆడి కాళ్ళిరగ్గొడతాను. కప్పు తీసీసినాక అది గది కాదే. ఉత్త నేల. నేల మనది కాదు, ఆళ్ళది.” గొంతు తగ్గించి, “తప్పదంటే ఎల్లు. నువ్వొచ్చేదాకా నాను లోపల కూకుంటాను. కప్పు లేకపోయినా కూకుంటాను,” అంది.

ఆ చివరి మాటతో నా ఒళ్ళు మండింది. మొదట్లో రాసిన జగడం అక్కడే మొదలైంది. వరుసంతా గుమ్మాల్లోకి వచ్చి విన్నారు. నేను ఆమె చెల్లెలి కొడుకును ఎత్తాను, ఆమె మా ఆయన తెలివిని ఎత్తింది. నేను బచ్చలితీగ మాట తెచ్చాను. ఆమె గిన్నెల లెక్క మాట తెచ్చింది. చివరికి ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సబ్బు రుద్దిన తలుపు గనక చప్పుడైనా కాలేదు.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. చాలామంది ఇలాంటి కథ చెప్పేటప్పుడు, పక్కింటావిడ మనసు బంగారమని తర్వాత తెలిసింది, కన్నీళ్ళు పెట్టుకున్నాను అని ముగిస్తారు. నాకు అలా ఏదీ తెలియలేదు. నా గది మీద పైడమ్మత్తకు కన్ను ఉందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె పోయి చాలాకాలమైంది. ఆ కంట్రాక్టరు మనసులో ఏముందో కూడా నాకు తెలియదు. మా వరుసకు రేకులు మాత్రం ఎన్నడూ రాలేదు. మేము ఆ గదిని వదిలింది మా ఇష్టంతో, ఈ ఫ్లాట్ తాళంచెవి చేతికి వచ్చాకే. ఆ సాయంత్రం కూర్చుని ఆలోచించినప్పుడు నాకు ఒకటే తోచింది. పైడమ్మత్త మాట నమ్మి కంట్రాక్టరును కాదనడం ఎంత తెలివితక్కువో, కంట్రాక్టరు మాట నమ్మి పైడమ్మత్తను తిట్టి హౌరా వెళ్ళడమూ అంతే తెలివితక్కువ. ఇద్దరినీ నమ్మనక్కర్లేదు. ఆమె నేర్పిన పద్ధతిని ఆమెకు కూడా వర్తింపజేస్తే సరిపోతుంది. ఈ ఇంట్లో ఇప్పటికీ అదే చేస్తున్నాను. కుళాయి మార్చాలని ప్లంబరు వస్తే, కొత్త కుళాయి నా చేతికి ఇచ్చాకే పాతదాని మీద పానా పెట్టనిస్తాను. మా అబ్బాయి సిగ్గుపడతాడు. పడనీ. మంచివాడైతే ప్లంబరు ఏమీ అనుకోడు. ఏమైనా అనుకుంటే, నేను అడిగింది మంచిదే అయింది.

మర్నాడు పొద్దున్న జరిగింది ఇది. మా ఆయన మూటలు కట్టి, పెద్దపిల్లకు చెప్పులు తొడుగుతున్నాడు. నేను చిన్నవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. నిచ్చెన, గునపాలు, తాళ్ళు పట్టుకుని మనుషులు వచ్చారు. కంట్రాక్టరు రాలేదు. వాళ్ళ మేస్త్రి ముందుకు వచ్చి, “సరొండి బౌది, జరగండి, పైకెక్కాలి,” అన్నాడు. బౌది అంటే బెంగాలీలో వదిన.

“రేకులేవి?” అని అడిగాను.

“ఆస్‌ఛే, బౌది, ఆస్‌ఛే. వస్తున్నాయి. మేం విప్పేసరికి వచ్చేస్తాయి.”

“రానీండి. వచ్చినాక ఇప్పండి.”

అతను నవ్వాడు. క్లబ్బు కుర్రాడొకడు, అందరికీ లేని నియమం మీకెందుకని గదమాయించాడు. మా ఆయన వెనకనుంచి, “పరువు తీసేస్తన్నావే, లెగు,” అన్నాడు. నేను లేవలేదు. ఒళ్ళో పిల్లవాడితో నేను గడప మీద ఉండగా పైన పెంకులు విప్పడానికి వాళ్ళు వెనకాడారు. మేస్త్రి చుట్టూ చూసి, పక్క గుమ్మంలో కూర్చున్న పైడమ్మత్త వైపు తిరిగి, బెంగాలీలో పిన్ని వరస కలిపి, “అయితే మాషి, నీది మొదలుపెడతాం,” అన్నాడు. ఆ వేళకు ఆమె వీధిలో పనిలో ఉండాలి. ఉద్యోగం చీర కట్టుకునే ఉంది. చీపురు పక్కన పెట్టుకుని, చుట్ట తాగుతూ, వెళ్ళకుండా కూర్చుంది. చుట్ట తీయలేదు. కాళ్ళు కొంచెం చాపి, గుమ్మాన్ని ఈ కొస నుంచి ఆ కొసదాకా ఆక్రమించుకుంది.

వాళ్ళు కాసేపు నిలబడ్డారు. టీ తాగారు. రేకుల బండి రాలేదు. మబ్బు పట్టింది. మళ్ళీ వస్తామని చెప్పి నిచ్చెన ఎత్తుకుని వెళ్ళిపోయారు. మా ఆయన నాతో మాట్లాడకుండా పనికి వెళ్ళాడు. కొంతసేపటికి వాన మొదలైంది. పైడమ్మత్త లేచి, తల మీద గోనెపట్టా వేసుకుని, చీపురు అందుకుని, ఆలస్యంగా డ్యూటీకి బయలుదేరింది. నా గది వైపు చూడకుండానే వెళ్ళింది. నేను మూటలు లోపల పెట్టి, పొయ్యి ముట్టించి, బియ్యం కడిగాను. ఆమె సందు మలుపు తిరిగేదాకా చూసి, అయినా సరే, తలుపు గడియ పెట్టుకున్నాను.